పెళ్లికూతురికి రెండు

ఫొటో తీసేవాడికి తప్ప ఫొటో సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసునని లీలాకుమారి నమ్మకం. ముప్పై ఏళ్లుగా రోజుకు వెయ్యి ఫొటోలు చూస్తున్న మనిషి నమ్మకం అది. మీరూ నేనూ కాదంటే పోయేది కాదు.

సికింద్రాబాద్‌లో ఆర్పీ రోడ్డు వెనక గల్లీలో సూర్యకాంతి కలర్ లాబ్ ఉంది. ఆ చుట్టుపక్కల పెళ్లి ఫొటోగ్రాఫర్లలో సగం మంది ఫైళ్లు అక్కడికే వచ్చి పడతాయి. లోపల ఏసీ గదిలో, అచ్చు మిషన్ పక్కన, రంగు చూసే కుర్చీ ఆమెది. ఆలేరు పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చి, ఇంటర్ చదువుతో రీళ్లు కడిగే పనిలో చేరి, ఆ కుర్చీ దాకా వచ్చింది. కుర్చీ మూడుసార్లు మారింది గానీ కూర్చునే మనిషి మారలేదు. ముందు ఒక తెర, తెర కింద ఒక చిన్న కీబోర్డు. తెర మీదికి ఆరారు ఫొటోలు వస్తాయి. ఎరుపు ఎక్కువైతే ఒక మీట, పసుపు తగ్గితే ఒక మీట, మరీ నల్లగా ఉంటే తెలుపు వైపు ఇంకో మీట. ఒక్కో ఫొటోకు ఒకటిన్నర సెకను. వేళ్లు వాటంతటవే పోతాయి. ఆమె నోరు మాత్రం ఆ టైములో పక్కవాళ్లతో వేరే సంగతి మాట్లాడుతూ ఉంటుంది.

ఆ పనిలో ఎక్కడా రాసిపెట్టని పద్ధతి ఒకటుంది. పెళ్లికూతురైతే రెండు మెట్లు తెలుపు. పెళ్లికొడుక్కి ఒకటి. మిగతా చుట్టాలు వాళ్ల అమ్మానాన్నలు కన్నట్టే ఉంటారు. దీన్ని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

రెండేళ్ల కింద లాబ్ ఓనరు సత్యదేవ్‌కు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి కాగితానికీ ఒక ప్రొఫైల్ తయారుచేయించి వెబ్‌సైట్‌లో పెట్టాడు. ప్రొఫైల్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ మిషను, బొమ్మ కడిగే ఈ మందు, ఈ కాగితం కలిస్తే ఏ రంగు ఎట్లా పడుతుందో ముందే చెప్పే పట్టీ. కోరా గుడ్డ ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో తెలిసిన దర్జీ ఆ మేరకు పొడుగు వదిలి కత్తెర పెడతాడు చూడండి, అట్లాంటిది. ఫొటోగ్రాఫర్ దాన్ని తన కంప్యూటర్‌లో పెట్టుకుంటే, కాగితం మీద బొమ్మ ఎట్లా రాబోతుందో తెర మీదే కనిపిస్తుంది. చూసి, సరిచేసుకుని, బొమ్మను ఆ ప్రొఫైల్‌లోకి మార్చి, ఆర్డర్ ఫారంలో ‘కరెక్షన్ వద్దు’ అన్న గడిలో టిక్కు పెట్టి పంపాలి. అప్పుడు లాబ్‌లో బొమ్మ లీలాకుమారి తెర మీదుగానే పోయినా ఎవరూ చెయ్యి పెట్టరు. పంపింది పంపినట్టు అచ్చవుతుంది.

సత్యదేవ్ ఈ సంగతంతా వాట్సాప్‌లో అందరికీ పంపాడు. దండం పెట్టే బొమ్మలు డెబ్బై వచ్చాయి. ప్రొఫైల్ దించుకున్నది నలుగురు.

“నేను ముందే జెప్పిన సార్,” అంది లీలాకుమారి. “వీళ్లకు కెమెరా ఎంత పెద్దగుంటే బుర్ర అంత చిన్నగుంటది. లెన్సు మూత తియ్యడానికి అసిస్టెంటు, లైటు పట్టెటందుకు అసిస్టెంటు. ఇగ కలర్ చూసెటందుకు లీలక్క.”

* * *

ఆ శుక్రవారం పొద్దున పదిన్నరకు ఒక అమ్మాయి చంకలో ఫ్రేము పెట్టుకుని లాబ్ మెట్లెక్కింది. ముప్పై లోపు వయసు. మంచి ఎత్తు, నలుపు, ఎండలో నిగ్గుదేలిన నలుపు. మెడలో ఈల వేలాడుతోంది. ఏదో బడిలో ఆటల టీచరు, పీరియడ్ మధ్యలో వచ్చినట్టుంది.

“మేడం, కలర్ చూసేది మీరేనా?”

“చూసేది నేనే. తీసేది నేను గాదు. ఏం తక్లీఫ్ వచ్చింది?”

అమ్మాయి ఫ్రేమును కౌంటర్ మీద పెట్టింది. పన్నెండు పద్దెనిమిది సైజు పెళ్లి ఫొటో, అట్టకు అతికించి ఉంది. చర్చి గుమ్మం ముందు తెల్ల చీరలో పెళ్లికూతురు, పక్కన సూటులో పెళ్లికొడుకు. అమ్మాయి చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, ఫొటోలోని పెళ్లికూతురి చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించింది.

“ఈ చెయ్యి నాది. గా చెయ్యి ఎవరిది మేడం?”

లీలాకుమారి అద్దాలు సర్దుకుని వంగి చూసింది. ఫొటోలో ఉన్నామె మనిషిలా లేదు. నీలిమందు ఎక్కువైన తెల్లపంచెను మనిషి ఆకారంలో మడిచి నిలబెట్టినట్టుంది. ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి.

“నా పేరు దేవకృప. మాది బన్సీలాల్‌పేట్, ఇచ్చింది మారేడ్‌పల్లికి. ఈ చీరంచుకు లేసుండాలె. మా పెద్దమ్మ ఆరు నెలలు కూసొని అల్లింది. చూడండి, చీరుంది, లేసు లేదు. మెడుంది, మెడల గొలుసు లేదు. నేనున్నట్టే ఉన్న గని నేను లేను.”

“ఎవరు తీసిండ్రు?”

“యాప్రాల్ భానుప్రకాశ్ అని. పోయి అడిగితే లాబోళ్లు కరాబ్ చేసిండ్రన్నడు.”

లీలాకుమారికి ఒళ్లంతా మిరప్పొడి చల్లినట్టయింది. “అన్నడా? అంటడు. వానికి పిల్లి అడ్డమొచ్చినా లాబోళ్లు పంపిండ్రంటడు. అయినా బిడ్డా, నీకు నచ్చకపోతే మూలకు పెట్టుకో. గింత పరేషాన్ ఎందుకు?”

“నేను మూలకు పెడితే మా అత్తమ్మ ఎలీసబెతమ్మ హాల్‌ల కొట్టిచ్చింది. ఆమెకు ఇది మస్తు నచ్చింది. సోఫా నెత్తిమీద, లోపలికి వచ్చినోళ్ల కండ్లల పడేటట్టు. ఎవరొచ్చినా ఫొటో చూస్తరు, నన్ను చూస్తరు, ‘కోడలు అమ్మగారింటికి పోయిందా’ అని నన్నే అడుగుతుండ్రు. మొన్నొకామె నాతోని మంచినీళ్లు తెప్పిచ్చుకొని, ‘ఎన్ని ఇండ్లల చేస్తవు అమ్మా’ అని సుత అడిగింది.”

లీలాకుమారి నవ్వబోయి ఆగిపోయింది. ఆ అమ్మాయి నవ్వడం లేదు.

“ఎల్లుండి ఆదివారం మా ఇంట్ల ప్రార్థన కూటం. నలభై మంది వస్తరు. ఇంట్ల చెప్పేసిన. ఆ మేకుకు నేనన్న ఉండాలె, లేకుంటే అది ఖాళీగనన్న ఉండాలె. ఈమె ఉంటే మాత్రం నేను మా అమ్మగారింట్ల ఉంట. నా ఇంట్ల నేనే వేరేటామె లెక్క తిరగ. మా ఆయన గొడవలెందుకు, కొత్తది తెస్తే మార్చుదమన్నడు. అత్తమ్మ, ‘తెస్తే గద’ అన్నది.”

తెస్తే గద. ఆ మాట విరుపు ఎట్లా ఉండి ఉంటుందో లీలాకుమారికి చెవిలో వినిపించింది. అత్తలుండే ఇళ్లు ఆమెకు కొత్త కాదు.

“తెస్తవు బిడ్డా. ఇయ్యాల్నే తీసుకపోతవు,” అని ఫోను తీసింది. “హలో, భానుప్రకాశా? నీ లాప్‌టాప్, ఆ మారేడ్‌పల్లి పెళ్లి ఒరిజినల్ ఫైళ్లు తీసుకొని జెర లాబ్‌కు రా. ఎందుకా? లాబోళ్లు ఎట్ల కరాబ్ చేస్తరో నేర్చుకుందువు రా.”

* * *

భానుప్రకాశ్ గంటకు వచ్చాడు. గడ్డం ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. నెత్తిమీద నల్లద్దాలు, చేతికి పూసలు. విజిటింగ్ కార్డు మీద ఫొటోగ్రాఫర్ అని ఉండదు, ‘జ్ఞాపకాల శిల్పి’ అని ఉంటుంది. దేవకృపను చూసి చిన్న నవ్వు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“లీలక్కా, నా దిక్కు నుంచి ఏం గల్తీ లేదు. నేనేం మామూలు ఫొటోగ్రాఫర్ని గాదు గద. ప్రొఫైల్ సుత పెట్టిన. మీ లాబ్‌దే.”

లీలాకుమారి కనుబొమ్మలు లేచాయి. ఆ నలుగురిలో వీడొకడన్నమాట. “పెట్టినవా? శభాష్. ఏ కాగితానిది?”

“ఏ కాగితం ఏందక్కా? ప్రొఫైల్ ప్రొఫైలే గద. మీ లిస్టుల మొట్టమొదట ఉన్నది దించిన.”

“మొట్టమొదట ఉన్నది కాన్వాసుది. గుడ్డ. నువ్వు అచ్చేయించింది లస్టర్ కాగితం మీద. కాలుకు చెప్పు కుట్టమని నెత్తి కొలిచి ఇచ్చినవు తమ్మీ. సరే, పెట్టినంక బొమ్మ ఎట్ల కనవడ్డది?”

“డల్ కొట్టింది. ప్రొఫైల్ పెడితే ఫొటో పాడైతదని అప్పుడే అర్థమైంది. అందుకే కొంచెం లేపిన.”

“ఎంత కొంచెం?”

“మిల్క్ గ్లో ఫిల్టర్ వేసిన. అందరు వేసేదే.”

“ఎన్నిసార్లు?”

భానుప్రకాశ్ గడ్డం గోక్కున్నాడు. “ఒకసారి మొత్తానికి. ఇంకోసారి పెళ్లికూతురికి.”

“మొహానికా, చేతులకా?”

“బయటికి కనవడేదంతా.”

దేవకృప ఈల తాడును వేలికి చుడుతూ నిలబడింది. ఆమె గురించి ఆమె ఎదుటే గోడకు సున్నం వేసిన లెక్క చెప్తున్నారు. “ఎందుకు వేసినవన్నా? నేను అడిగిన్నా?” అంది.

“చెల్లె, మీకు తెల్వదు. మీ ఆడపిల్లలకు మంచిగ రావాలనే గద మా తండ్లాట.”

“నేను మంచిగనే ఉన్న. నిన్ను ఉన్నట్టు తియ్యమన్న.”

“లాప్‌టాప్ తెరువ్ ముందు,” అంది లీలాకుమారి.

తెరిచాడు. తెరంతా పసుపు పసుపుగా, మజ్జిగపులుసు పొయ్యి మీద నుంచి దించినట్టు ఉంది.

“ఇదేంది, దీనికి కామెర్లయినయా?”

“నైట్ మోడ్ అక్కా. కండ్లకు చల్లగుంటది.”

“పగలు పదకొండున్నరకు నైటా?”

“ఎప్పుడు గిట్లనే ఉంచుత.”

లీలాకుమారి ఏసీ గది తలుపు తెరిచి లోపలికి కేక వేసింది. “సత్యదేవ్ సార్! జెర రాండ్రి, చూద్దురు. తెరను పచ్చగ పెట్టుకొని, ఫొటో పచ్చగుందని నీలం కలిపిండు. గుడ్డకు కొలిచి కాగితం మీద అచ్చేయించిండు. మీద రెండు డబ్బాల పాలు పోసిండు. గిన్ని చేసి లాబోళ్లు కరాబ్ చేసిండ్రంటడు. మీరు ప్రొఫైల్ ఇచ్చింది గిసొంటోళ్లకు.”

సత్యదేవ్ వచ్చి చూశాడు. కోపం రాని మనిషి, దగ్గు వస్తుంది. రెండుసార్లు దగ్గి, “సరేలే అక్కా, ఇక్కడ్నే కూసొని మల్ల చెయ్యనియ్యి,” అన్నాడు.

కూర్చోబెట్టింది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, పలక మీద అక్షరాలు దిద్దించినట్టు చేయించింది. నైట్ మోడ్ తీసేయించింది. కెమెరాలో నుంచి వచ్చిన అసలు ఫైలు తెరిపించింది. పాలన్నీ కడిగేయించింది. లిస్టులో లస్టర్ కాగితం ప్రొఫైల్ ఏదో వేలు పెట్టి చూపించి, దాంట్లో బొమ్మ చూపించమంది. బొమ్మ ఒక్క క్షణం మిణుక్కుమని, కుదురుకుంది.

“డల్‌గ లేదా?” అన్నాడు భానుప్రకాశ్ నసుగుతూ.

దేవకృప వెనక నుంచి తెర మీదికి వంగింది. “గది నేనే,” అంది.

నల్లటి చెయ్యి, తెల్లటి చీర, ఆ రెంటి మధ్య లేసు అంచు పూస పూసగా. మెడలో సన్నటి గొలుసు. కొద్దిగా కళ్లు చికిలించింది, ఎండ పడినట్టుంది. అందంగా ఉందా లేదా అని లీలాకుమారి చూడలేదు. ఆమె అట్లా చూసే మనిషి కాదు. రంగు నిలిచిందా లేదా చూసింది. నిలిచింది.

“బొమ్మను లస్టర్ ప్రొఫైల్‌లకు మార్చు. ఆ. ఇప్పుడు ఫారంల ‘కరెక్షన్ వద్దు’ అన్నకాడ టిక్కు పెట్టు. గట్టిగ పెట్టు. ఇగ విను తమ్మీ, నువ్వు సుత విను బిడ్డా. ప్రింటు వెనక మిషను సన్నటి అక్షరాలు కొడుతది. మేం ఏం ముట్టుకోకుంటే నార్మల్ అని వరుసగ నాలుగు ఎన్‌లు పడతయ్. మూడు రంగులకు మూడు, తెలుపు నలుపుకు ఒకటి. ఏదన్న ముట్టుకుంటే ఎన్ పోయి అంకె వస్తది. వెనక నాలుగు ఎన్‌లుంటే ముంగట ఎట్లున్నా తప్పు పంపినోనిది. ముప్పై ఏండ్లల ఒక్క ఫొటోగ్రాఫర్ సుత ప్రింటు తిరగేసి చూసినోడు లేడు. ముంగట చూసి ఒర్రుడే.”

“సరే అక్కా, చూద్దం,” అన్నాడు భానుప్రకాశ్, చూడబోనని తెలిసే గొంతుతో.

* * *

లీలాకుమారి తన కుర్చీలోకి పోయి కూర్చుంది. వరుసలో ముందు వేరే ఆర్డర్లు ఉన్నాయి. అవి ఆరారు వస్తుంటే చూస్తూ, మీటలు నొక్కుతూ, గాజు తలుపు అవతల నిలబడ్డ దేవకృపతో ఫొటోగ్రాఫర్ల కథలు చెప్తూ పోయింది. ఒకడు తెర మీద వేలిముద్ర పడితే పెళ్లికొడుకు ముఖం మీద మచ్చ అనుకుని పూటంతా ఫొటోలో చెరిపాడట. ఇంకొకడు ఫోన్‌లో చూసి రంగు చెప్తాడట, ఆ ఫోన్ అద్దం పగిలి రెండు ముక్కలు. దేవకృప ఫొటో వచ్చింది, పోయింది. తర్వాతది వచ్చింది.

అయిదు నిమిషాలకు మిషను అవతలి నోటి నుంచి తడి ఆరిన ప్రింటు జారి పడింది. సత్యదేవ్ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

దేవకృప చొక్కా చెయ్యి మడిచి, మళ్లీ చెయ్యి ఆనించింది. నీలం పోయింది. పాలు పోయాయి. కానీ ఫొటోలో చెయ్యి ఇంకా ఎవరిదోనే. లేసు ఉందా అంటే ఉంది, చలికాలం పొద్దున కిటికీ అద్దం మీద ఆవిరి పట్టినట్టు ఉంది.

భానుప్రకాశ్ నెత్తిమీది అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ నెత్తినే పెట్టుకున్నాడు. “లీలక్కా,” అన్నాడు మెల్లగా, తీపిగా. “నైట్ మోడ్ తీసిన. మీ కాగితం ప్రొఫైలే పెట్టిన. మీరు పక్కన కూసొని పెట్టిచ్చిండ్రు. టిక్కు గట్టిగ పెట్టిన. ఇప్పుడు చెప్పుండ్రి, గల్తీ ఎవరిది?”

లీలాకుమారి ముఖం కందిపోయింది. “మిషన్‌దే. పొద్దున్న మందు చూసే పట్టీ కొట్టిండ్రా సార్? మందు పల్చబడ్డదేమో.”

“కొట్టిన అక్కా. మంచిగనే ఉన్నది,” అన్నాడు సత్యదేవ్.

“అయితే మీ ప్రొఫైల్ పాతదైంది. రెండేండ్ల కిందటిది. కాగితం కంపెనీవోడు పూత మార్చి ఉంటడు. ఆ డబ్బా ఎప్పుడు తెరిచిండ్రు? లోపలికి ఎండ తగిలిందేమో. అసలు ప్రొఫైలంటనే నాకు నమ్మకం లేదు, ముందే జెప్పిన. మనిషి కన్ను చేసే పని పట్టీ చేస్తదా?”

సత్యదేవ్ వాదించలేదు. లాబ్‌కు ఒక పరీక్ష బొమ్మ ఉంటుంది. బూడిద రంగు గళ్లు, పండ్ల బుట్ట, ఒక ఆడమనిషి ముఖం. దాన్ని నేరుగా మిషన్‌లోకి పంపించాడు. అది వచ్చేదాకా లీలాకుమారి మందు తొట్టి మూత తీసి చూసింది. కాగితం డబ్బా మీద తారీఖు చూసింది. పైన ట్యూబులైటును కూడా అనుమానంగా చూసింది. పరీక్ష బొమ్మ వచ్చింది. గళ్లు గళ్లుగా, పండ్లు పండ్లుగా, ఉండాల్సినట్టే ఉంది. మిషను తప్పు లేదు, కాగితం తప్పు లేదు, ప్రొఫైల్ తప్పు లేదు.

ఈ హడావుడిలో దేవకృపను ఎవరూ పట్టించుకోలేదు. ఆమె తన ఫొటోను రెండు చేతుల్తో పట్టుకుని, తిరగేసి, వెలుతురుకు వాల్చి చూస్తోంది.

“మేడం, నాలుగు ఎన్‌లన్నరు గద. ఇక్కడ మూడే ఉన్నయ్. నాలుగోకాడ మైనస్ రెండు అని ఉన్నది.” ఒక్క క్షణం ఆగి అడిగింది. “మైనస్ రెండు అంటే ఎవరు?”

ఏమిటి అని అడగలేదు. ఎవరు అని అడిగింది.

లీలాకుమారి ప్రింటు తీసుకుని చూసింది. అద్దాలు పైకి జరిపి చూసింది. ఎంత చూసినా మైనస్ రెండు మైనస్ రెండే, తెలుపు వైపు రెండు మెట్లు. సత్యదేవ్ దగ్గాడు. భానుప్రకాశ్ మెడ చాచి చూశాడు. ఆ అక్షరాలు వాడికి కొత్త.

“ఇదివరకటిది అట్టకు అతికిచ్చి ఉన్నది,” అంది దేవకృప. “దాని వెనక సుత ఇదే ఉంటదా?”

“ఉంటది,” అంది లీలాకుమారి. పీకి చూడనక్కర్లేదు. ఆమె కుడిచెయ్యి చూపుడువేలు ఆమెకు తెలుసు.

“టిక్కు మీరే పెట్టిచ్చిండ్రు గద మేడం. ఎందుకు నొక్కిండ్రు?”

“నొక్కాలని నొక్కలే బిడ్డా. నీతోని మాట్లాడుతున్న. పెళ్లికూతురు చీర కనవడ్డది. వేలు పోయింది.”

“నా ముఖం చూడలేదా?”

“ముఖం దాక పోలే. చీర కాడ్నే పని అయిపాయె.”

“రెండెందుకు?”

“పెళ్లికూతురికి రెండు. పెళ్లికొడుక్కి ఒకటి.” చెప్తుంటే ఆ లెక్క ఆమె చెవులకే వెకిలిగా వినిపించింది. మిల్క్ గ్లో ఎన్నిసార్లు వేశావని వాడిని అడిగి గంట కాలేదు. “ముప్పై ఏండ్ల సంది ఎవ్వరు వద్దనలే.”

“అడిగిండ్రా?”

ముప్పై ఏళ్లు, రోజుకు వెయ్యి, అందులో పెళ్లికూతుళ్లు ఎంతమంది. సికింద్రాబాద్‌లో ఎన్ని హాళ్లలో, ఎన్ని సోఫాల నెత్తిమీద, తను రెండేసి మెట్లు పైకి లేపిన ఆడవాళ్లు గోడలకు వేలాడుతూ ఉంటారు. వాళ్ల కింద అసలు మనుషులు చాయ కప్పులు పట్టుకుని తిరుగుతూ ఉంటారు. మంచే చేస్తున్నాననుకుంది. ఇందాక భానుప్రకాశ్ అన్నదీ అదే మాట. వాడి గడ్డం ఒక్కటే తనకు తక్కువ.

లేచి కుర్చీ వెనక్కి జరిపింది. “రా బిడ్డా లోపలికి. కూసో.”

“నేనా?”

“నువ్వే. నన్ను నేను నమ్మ. ఇగో, ఇది నీ ఫొటో. ఏ మీట ముట్టొద్దు. ఈ ఆకుపచ్చది ఒక్కటి నొక్కు. అంతే.”

దేవకృప కూర్చుంది. తెర మీద తనను తాను ఒకసారి చూసుకుని, బడిపిల్లల పరుగుపందెం మొదలుపెట్టేంత జాగ్రత్తగా ఆకుపచ్చ మీట నొక్కింది. లీలాకుమారి రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడింది. మిషను నోటి దగ్గర నలుగురూ పెళ్లిపందిట్లో భోజనాల వరుసలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

ప్రింటు వచ్చింది. లీలాకుమారి ముందు తిరగేసింది. ఎన్, ఎన్, ఎన్, ఎన్. తర్వాత ముందువైపు తిప్పింది. దేవకృప చెయ్యి ఆనించింది. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఫొటో ఎక్కడ మొదలైందో చూడాలంటే గాజులు చూసి గుర్తుపట్టాలి. కనిపించే లేసు పువ్వులు ఏడు. దేవకృప వేలు పెట్టి ఏడూ లెక్కపెట్టింది.

“ఆ తెల్లయి రెండు నాకియ్యండ్రి,” అన్నాడు భానుప్రకాశ్ అట్ట మీది ఫొటో వైపూ ఇందాకటి మైనస్ రెండు ప్రింటు వైపూ చూస్తూ. “షాపుల పెట్టుకుంట. కస్టమర్లకు గిట్లాంటియే నచ్చుతయ్.”

లీలాకుమారి ఆ రెంటినీ తీసుకుంది. అట్ట మీదిదాన్ని ఫ్రేములోంచి తీసి గోటితో పొరగా పీకింది. వెనక మైనస్ రెండు ఉండనే ఉంది. రెంటినీ కాగితాలు కోసే మిషను కింద పెట్టి, హ్యాండిల్ లాగింది. పట్టీలు పట్టీలుగా కోసింది.

“అయ్యో అక్కా, మంచి శాంపిల్!”

“నీకు శాంపిల్ కావాలంటే నీ పెళ్లి ఫొటో పెట్టుకో. నీకు నాలుగు నొక్కి ఇస్త. గడ్డం సుత తెల్లవడుతది.”

* * *

సోమవారం పొద్దున దేవకృప ఫోన్ చేసింది.

“ఆంటీ, ఫొటో మేకుకే ఉన్నది.”

మేడం పోయి ఆంటీ వచ్చిందని లీలాకుమారి గమనించింది. “మీ అత్తమ్మ ఏమన్నది?”

“ఫ్రేము పెట్టంగనే చూసి ముఖం మాడ్చుకున్నది. నేను నలుపని గాదు. పక్కన ఆమె కొడుకు అసలు రంగుల పడ్డడు గద. ‘నా కొడుకును గింత నల్లగ చేసిండ్రేందే’ అని ఒకటే రంది. నేను ఆయన్ను పట్టుకొచ్చి ఫొటో పక్కన నిలవెట్టిన. ‘చూడండత్తమ్మా, ఎవరు చేసిండ్రో’ అన్న. ఆమె ఇగ సప్పుడు జెయ్యలే. కూటం మొత్తం నేను సోఫా మీద కూసున్న. ఫొటో కిందనే. మంచినీళ్లు తెమ్మని ఎవ్వరు అడగలే.”

ఫోను పెట్టేసి లీలాకుమారి పనిలో పడింది. మొదటి ఆర్డరు యాప్రాల్‌ది. భానుప్రకాశ్ ఫారంలో ప్రొఫైల్ గడి ఖాళీగా వదిలేసి, కింద రిమార్కుల్లో రాశాడు: ‘అక్కా, ఈ పెళ్లికూతురు జెర డార్క్. మూడు నొక్కుండ్రి.’

లీలాకుమారి దాన్ని చదివి, దాని కిందే టైపు కొట్టింది: ‘ఆ అమ్మాయిని అడిగినవా? అడిగి ఫోన్ చేయి. ఆమెతోనే చేయించు.’ ఆర్డరు వాపసు పంపింది.

తర్వాతి ఆర్డరు తెరుచుకుంది. ఆరు ఫొటోలు. మూడోదాంట్లో ఎర్ర పట్టుచీర, బాసికం, తలంబ్రాలు. ఆమె ఈసారి ముఖం దాకా పోయింది. నలుపూ కాదు తెలుపూ కాదు, చామనఛాయ. తలంబ్రాలు కంట్లో పడి ఒక కన్ను మూసుకుని నవ్వుతోంది. బాగుంది, ఉన్నట్టే ఉండనీ అనుకుంది.

అనుకుంటూ తెర మూలకు చూసింది. అక్కడ మైనస్ ఒకటి అని ఉంది. వేలు అప్పటికే ఒకటి నొక్కేసింది, రెండోదానికి లేచి ఉంది.

“నీ యవ్వ,” అని చూపుడువేలును ఎడమచేత్తో ఫట్టున కొట్టి, వెనక్కి నొక్కి ఎన్ చేసింది.